దారోగా సాబ్ రాని వారం

ఇందుమూలంగా ఆబిడ్స్ చౌరస్తా మొదలు నాంపల్లి స్టేషను దాకా నివసించే సమస్త ఈగలకు, దోమలకు, నల్లులకు, మోరీలో ఈదులాడే పురుగూ పుట్రకు, మూత పెట్టని మిఠాయి దుకాణాలకు, ముక్కు చీది ఆ చేత్తోనే పాన్ కట్టే మహానుభావులకు తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి మీకు పూర్తి స్వేచ్ఛ ఇవ్వబడినది. జిలేబీ మీద వాలవచ్చును. మలాయి మీద కాపురం పెట్టవచ్చును. మిమ్మల్ని అడిగే నాథుడు లేడు. మా దారోగా సాబ్ చనిపోయాడు.

నవ్వులాటగా మొదలుపెట్టానని కోప్పడకండి. నాకు వచ్చిన విద్య అదొక్కటే. నాలుగో జమాత్ దాకా ఉర్దూలో చదివి, తెలుగు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే పత్రికవారు దిద్దుతారు. నన్ను మాత్రం ఎవరూ దిద్దలేకపోయారు.

కబురు ఇరానీ హోటల్లో తెలిసింది. పక్క బల్ల దగ్గర నలుగురు కూర్చుని రాష్ట్రాలు కలపాలా వద్దా అని గొంతు చించుకుంటున్నారు. దారోగా సాబ్ దగ్గర పనిచేసిన పాత జమేదారు లోపలికి వచ్చి, నన్ను చూసి, నిలబడే అన్నాడు.

"దారోగా సాబ్ పోయిండు, ఎరుకేనా?"

"ఎప్పుడు?"

"ఆదివారం పొద్దుగాల. దవాఖానలనే. నలుగురం ఉంటిమి. అంతా ఐపోయింది."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వేమైతవని చెప్పాలె?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

నేనేమవుతాను? చుట్టం కాదు, కులం కాదు, ఆఫీసువాణ్ణి కాదు. ఆయనకు ఒక మాట చెప్పవలసి ఉండి, ఏడేళ్లుగా చెప్పకుండా తిరిగినవాణ్ణి. ఆ మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

సఫాయి దారోగా అంటే మొహల్లా శుభ్రంగా ఉందో లేదో చూసే అధికారి. నాంపల్లిలో మేముండే పాత ఇంట్లో ఒకే వాకిలి చుట్టూ ఏడు కాపురాలు. మధ్యలో బావి. వెనక గల్లీలో పాయఖానాలు. వారానికి ఒకసారి ఆయన సైకిలు గంట వినిపించేది. ఖాకీ కోటు, తెల్ల పైజామా, వెనక కట్టిన రేకు డబ్బా. ఆ డబ్బాలో బావికి వేసే మందు. చూస్తే నల్లగా గింజల్లాగా ఉండేది, నీళ్లలో పడితే ఎర్రగా విచ్చుకునేది. ఊళ్లో దాన్ని లాల్ దవా అంటారు. ఆయన బకెట్లో నీళ్లు తోడి, చిటికెడు మందు కరిగించి, ఆ బకెట్‌ను మళ్లీ బావిలోకి దించి, చంటిపిల్లను ఊయల ఊపినట్టు పైకీ కిందికీ ఊపేవాడు. పొద్దుటికి కూడా నీళ్లలో లేత ఎరుపు మిగిలి ఉంటే మందు గెలిచినట్టు. ఎరుపు పోతే రోగం గెలిచినట్టు. మళ్లీ వేయాలి.

మొదట్లో మా వాళ్లు ఆ మందును విషమే అనుకున్నారు. అందరికంటే ఎక్కువ లొల్లి పెట్టింది మా పక్కింటి వదిన. భర్త ఒక బట్టల సేటు దగ్గర లెక్కలు రాసే మునీము. బావి ఎర్రబడినప్పుడల్లా ఆమె ఇంట్లో ఉన్న బిందెలన్నీ వాకిట్లో కుమ్మరించేది.

"సాబ్, గీ నీళ్లతోని బువ్వ వండితే పెండ్లి అక్షింతల లెక్క ఐతది గద! ఎట్ల తినాలె?"

"అక్షింతలే అనుకో తల్లీ. నేను దీవించిన అనుకోని తిను."

"మీ దీవెనలు ఇనుప వాసనొస్తున్నయి సాబ్."

ఆయన నవ్వేవాడు. కోపం రావడం నేను చూడలేదు. ఒక ఏడాదంతా అట్లాగే చెప్పి, చెప్పి, ఆమె ముందే గ్లాసుడు ఎర్రనీళ్లు తాగి చూపించి, చివరికి ఒప్పించాడు. ఎంత ఒప్పించాడంటే, ఒకసారి ఎరుపు తొందరగా పోతే వదినే గుమ్మంలో నిలబడి, "సాబ్, గీసారి మందు పల్చగ ఏసినట్టున్నరు" అని నిలదీసింది. ఎరుపంటే భయపడ్డ మనుషులకు ఎరుపే ధైర్యమైంది. ఆయన సాధించింది అదే. నేను చెడగొట్టింది కూడా అదే.

ఆయనను ఏడిపించడం నాకు రోజుకొక పని. ఇరానీ హోటల్లో ఆయన కప్పు మీద మరుగునీళ్లు పోయించకుండా చాయ్ తాగేవాడు కాదు. ఆయన గుమ్మంలో కనబడితే చాలు, "ఏక్ చాయ్, కప్పుకు తలంటు!" అని అరవమని హోటల్ నౌకర్లందరికీ నేర్పి పెట్టాను. మొజంజాహీ మార్కెట్‌లో కోసి పెట్టిన కర్బూజా ముందు నిలబడి ఆయన దుకాణాదారును చాలా మర్యాదగా అడిగేవాడు: "ఈ ఈగలు నీయేనా, కిరాయికి తెచ్చినవా?" ఇంకో మాట అనేవాడు: "చేతులు కడుక్కునేది నీ కోసం కాదు బాబూ, పక్కోని కోసం." ఈ మాటను ఆయన గొంతుతో అనుకరిస్తే ఏడిళ్ల వాళ్లూ పడి పడి నవ్వేవాళ్లు.

ఒకటి మాత్రం అనుకరించలేకపోయాను. వెనక గల్లీలో పాయఖానాలు ఎత్తే మనిషి పని ముగించుకుని నిలబడితే, చేతుల మీద నీళ్లు పోసేవాళ్లు ఉండరు. ఆమె బావి తాకకూడదు, మేము ఆమె దగ్గరికి పోకూడదు. ఒకనాడు దారోగా సాబ్ వదిన ఇంటి ముందున్న చెంబు తీసుకుని, నీళ్లు ముంచి, గల్లీలోకి పోయి ఆమె చేతుల మీద తానే పోశాడు. సబ్బు ముక్క కూడా ఇచ్చాడు. వదిన నోరు తెరిచింది.

"అది నా పూజ చెంబు సాబ్!"

"పూజనే చేసిన తల్లీ," అన్నాడు.

వదిన ఆ చెంబును మూడుసార్లు చింతపండుతో తోమింది. నాలుగోసారి తోమలేదు. తర్వాతి వారం నుంచి గల్లీ తలుపు దగ్గర ఒక కుండ నీళ్లు ఆమే పెట్టేది. ఎవరు పెట్టారని అడిగితే మాత్రం, "నాకేం ఎరుక" అనేది.

ఒకసారి ఆయన వెనకే నడుస్తూ, ఆయన లాగే మెడ వంచి, వాకిట్లో ఆడవాళ్ల గోళ్లు తనిఖీ చేస్తున్నాను. ఆయన గబుక్కున వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాను. తన రెండు చేతులూ నా ముందు చాపాడు.

"నావి గూడ చూడు మరి."

చూశాను. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. వేళ్ల కొసలు మాత్రం కాల్చిన రొట్టె రంగులో ఉన్నాయి. లాల్ దవా నీళ్లలో ఎరుపు, చర్మం మీదా బట్ట మీదా ఆరితే గోధుమరంగు. ఎంత కడిగినా వెంటనే పోదు. నేను రంగుల మనిషిని, ఆ సంగతి ఒక్క చూపులో పట్టేశాను. సుల్తాన్ బజార్‌లో చీరలకు రంగులద్దే దుకాణంలో నా పని. కొంగు ముక్క తెచ్చిస్తే దానికి అచ్చు జోడు కలపడంలో ఆ వీధిలో నన్ను మించినవాడు లేడు. ఈ గొప్ప చెప్పుకోవడం ఇదే ఆఖరు.

పోలీస్ యాక్షన్ అయిన తరువాతి ఎండాకాలం. ఊళ్ల నుంచి మూటలతో వచ్చినవాళ్లతో నాంపల్లి సందులు కిక్కిరిసి ఉన్నాయి. నల్లాలో నీళ్లు బొట్లు బొట్లుగా వచ్చేవి, అందరికీ బావే దిక్కు. స్టేషను అవతలి బస్తీలో గత్తర పుట్టిందన్నారు. గత్తర అంటే కలరా. ఆ పేరు ఎత్తడానికి కూడా మా వాళ్లు భయపడేవాళ్లు. దారోగా సాబ్‌ను ఆ బస్తీకి వేశారు. మధ్యలో వచ్చి మా బావికి కూడా మందు వేసి పోవాలని హుకుం. పోయే ముందు ఆయన బావి గట్టు దగ్గర నిలబడి అందరినీ పిలిచాడు.

"జర ఇనుండ్రమ్మా. గాడ మనుషులు పడిపోతున్నరు. నాకు ఎప్పుడు తీరుతదో తెల్వది. నేనొచ్చి గీ బావి ఎర్రగ చేసేదాక నీళ్లు మరగబెట్టుకోని తాగుండ్రి. కుతకుత మరగాలె."

"గీ ఎండల బువ్వ వండుడే కష్టమైతుంటే, నీళ్లు గూడ వండాల్నా సాబ్?" అంది వదిన.

"వండాలె తల్లీ. బావి ఎర్రగ కనవడ్డదంటే నేనొచ్చి పోయిన అనుకో. అప్పుడు పొయ్యి ఆర్పేయ్."

ఆ వారం ఆయన రాలేదు. రోజూ పొగలో కూర్చుని కళ్లు నులుముకుంటూ వదిన ఆయనను, నన్ను, పుల్లలను, దేవుణ్ణి, అందరినీ తిట్టేది. నాకొక ఆలోచన వచ్చింది. బావిని నేనే ఎర్రగా చేస్తే? వదిన ఎగిరి గంతేసి పొయ్యి ఆర్పుతుంది. సాయంత్రం వచ్చి, "వదినా, అది దారోగా మందు కాదు, సుల్తాన్ బజార్ మందు" అంటాను. చీపురు తీసుకుని వాకిలంతా తరుముతుంది. ఏడిళ్ల వాళ్లూ నవ్వుతారు. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

దుకాణంలో రంగు కలిపాను. గులాబీలో ఒక చుక్క ఊదా. ఎంత జాగ్రత్తగా కలిపానంటే, ఆ మందు డబ్బాకే అనుమానం రాదు. తెల్లవారి ఎవరూ లేవకముందే బకెట్లో కరిగించి, ఆయన ఊపినట్టే పైకీ కిందికీ ఊపాను.

"దారోగా సాబ్ వచ్చిపోయిండే! పొయ్యిలార్పుండ్రే!" అని వదిన అరిచిన అరుపుకు నేను దుప్పట్లోనే కడుపు పట్టుకుని నవ్వాను.

సాయంత్రం చెప్పవలసింది. చెప్పలేదు. అందరూ అంత సంబరంగా ఉన్నారు కదా, ఇంకొక్క రోజు ఆగితే నవ్వు ఇంకా ముదురుతుందనుకున్నాను. గత్తర మా బావి దాకా వస్తుందని అనుకోలేదు. అనుకుని ఉంటే వేసేవాణ్ణి కాదు. కానీ అనుకోవలసింది. నా ఒంటికేమీ కాలేదు. నేను ఇరానీ చాయ్ మీద బతికేవాణ్ణి. ఆ నీళ్లు మరిగినవి.

మూడోనాడు పొద్దున వదిన పడిపోయింది. టాంగాలో ఒకవైపు మునీము, ఒకవైపు నేను పట్టుకుని కూర్చున్నాం. అప్పటికే ఆమె కళ్లు లోపలికి పోయాయి.

"ఏం తిన్నవే? ఏం తాగినవే?" అని మునీము ఒకటే అడుగుతున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మరిదీ, నువ్వన్న చెప్పు మీ అన్నకు. నేను మంచి నీళ్లే తాగిన. దారోగా సాబ్ మందేసినయే."

"ఔ వదినా," అన్నాను.

మా ఇంట్లో ఇంకో ఇద్దరు పడకేసి, మెల్లగా లేచారు. వదిన లేవలేదు.

రెండు రోజులకు పై అధికారి విచారణకు వచ్చాడు. వెంట దారోగా సాబ్. గడ్డం పెరిగి, కోటు నలిగి, ఎన్నాళ్లుగానో నిద్ర లేనట్టు ఉన్నాడు. ఏడిళ్ల వాళ్లూ ఒకటే మాట: దారోగా సాబ్ మందు వేసిపోయాడు, మేము కళ్లారా ఎర్రనీళ్లు చూశాం.

"మందేస్తే రోగమెట్లొచ్చింది?" అన్నాడు అధికారి. "కల్తీ మందేసినవా?"

"నేను గీడికి రానే లేదు హుజూర్."

"అయితే హుకుం తప్పినవన్నట్టు. కల్తీ అన్న చేసినవు, పని అన్న ఎగ్గొట్టినవు. ఏదో ఒకటి ఒప్పుకో."

దారోగా సాబ్ బావి గట్టు దగ్గరికి నడిచాడు. బావిలోంచి ఒక బకెట్ తోడాడు. ఇంకా లేత ఎరుపు ఉంది. జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, ముంచి, పిండి, గట్టు మీద ఎండలో పరిచాడు. అది ఆరేదాకా అందరం నిలబడ్డాం. మే నెల ఎండ, ఎంతసేపు పడుతుంది? కానీ నాకు చాలాసేపు పట్టింది. ఆరిన రుమాలు గులాబీ రంగులో ఉంది.

"హుజూర్, మా మందైతే ఆరినంక గోధుమరంగు తిరుగుతది. ఇది మందు కాదు, ఏదో రంగు."

"రంగుల సంగతి నీకేం ఎరుక?"

దారోగా సాబ్ మనుషుల్లో నా కోసం వెతికాడు. రుమాలు నా చేతిలో పెట్టాడు.

"గీయన రంగుల దుకాణంల పని చేస్తడు హుజూర్. గీయన మాట నమ్ముండ్రి. చెప్పు బాబూ. ఇది మందా, రంగా?"

పక్కనే మునీము ఉన్నాడు. గుండు చేయించుకున్న తల మీద ఎండ పడుతోంది. ఏడిళ్ల వాళ్లూ నా నోటి వైపు చూస్తున్నారు.

"మందే సాబ్," అన్నాను.

దారోగా సాబ్ నా ముఖం వైపు చూడలేదు. రుమాలు తిరిగి తీసుకుంటూ నా చేతుల వైపు చూశాడు. రంగుల దుకాణం వాడి చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఆ రోజు కూడా ఉంది. ఆయన రుమాలును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సైకిలు దగ్గరికి నడుస్తుంటే మునీము ఎదురుగా పోయి కాండ్రించి ఉమ్మాడు. ఆయన సైకిలు పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు.

నాంపల్లి నుంచి తీసి ఆయనను ఊరవతల చెత్త కాల్చే మైదానానికి వేశారు. పొద్దంతా పొగలో నిలబడే కొలువు. మునీము కొన్నాళ్లకు ఇల్లు ఖాళీ చేసి సొంత ఊరికి పోయాడు. బావి మీద బండలు పరిచారు. నల్లా మా వాకిలి దాకా వచ్చింది. గల్లీ తలుపు దగ్గర నీళ్ల కుండ పెట్టేవాళ్లు లేరు. కొన్నాళ్లు నేను పెట్టాను, తరువాత మానేశాను. నా పరాచికాలు ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. కొత్తగా దిగినవాళ్లు నన్ను పుట్టు ముక్కోపి అనుకుంటున్నారు.

ఆయన గన్‌ఫౌండ్రీ వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది. అప్పుడప్పుడు ఆబిడ్స్‌లో ఎదురయ్యేవాడు. నేను చూడనట్టు రోడ్డు దాటబోతే ఆయనే సైకిలు దిగేవాడు.

"ఏం బాబూ, బావి మూసిన్రంట గద?"

"ఔ సాబ్."

"మంచిగైంది. నల్లా కాడ బురద కానియ్యకుండ్రి. అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు సాబ్."

అంతే. ఏడేళ్లలో ఎన్నిసార్లు ఎదురయ్యాడో అన్నిసార్లు ఇవే మాటలు. దగ్గు మాత్రం ప్రతిసారీ కొంచెం పెరిగేది. ప్రతిసారీ చెప్పాలని నోరు తెరిచేవాణ్ణి. దుకాణానికి టైమైందని చెప్పి మూసేవాణ్ణి.

పోయిన నెల హోటల్ నౌకరు చెప్పాడు, ఆయన దవాఖానలో పడ్డాడని, పొగ ఊపిరితిత్తులను తినేసిందని. మొజంజాహీ మార్కెట్‌లో అరడజను సంత్రాలు తీసుకుని బయలుదేరాను. పొడుగాటి వార్డు, చివరి మంచం. నన్ను చూసి లేవబోయాడు.

"పండుండ్రి సాబ్."

"ఏం తెచ్చినవ్?"

"సంత్రాలు."

"నువ్వు తెచ్చినవంటే లోపల దూది పెట్టి కుట్టినవేమో," అని నవ్వాడు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, మంచం కోడు పట్టుకుని అంతా చెప్పాను. రంగు కలపడం, బకెట్ ఊపడం, వదిన టాంగాలో అన్న మాట, ఎండలో నేను ఆడిన అబద్ధం. ఏదీ దాచలేదు.

ఆయన సంత్రాలను పక్కకు జరిపాడు. తరువాత నా చెయ్యి తీసుకున్నాడు.

"ఆ దినం నిన్ను తెల్వక అడగలే బాబూ. తెలిసే అడిగిన. నీ నోటితోని నువ్వే చెప్తవేమోనని. చెప్పకపోతివి. ఇగ ఇయ్యాల చెప్పినవు. చాలు. ఫికర్ చెయ్యకు, పో."

అయ్యలారా, అమ్మలారా. పైన రాసినదంతా నిజం, ఈ దవాఖాన మాటలు తప్ప. అవి నేను కల్పించాను. రాస్తున్నంతసేపూ నిజమే అనిపించింది, అందుకే కొట్టివేయకుండా అట్లాగే ఉంచాను.

సంత్రాలు కొన్నమాట నిజం. దవాఖానకు పోయినమాట నిజం. వార్డు గుమ్మం దాకా పోయాను. ఆయన మెలకువగానే ఉన్నాడు. ఎవరి కోసమో మరి, గుమ్మం వైపే చూస్తున్నాడు. నేను స్తంభం చాటుకు జరిగాను. ఆయన నన్ను చూశాడో లేదో తెలియదు. ఆ రోజు ఎండలో నన్ను నమ్మి అడిగాడో, తెలిసి అడిగాడో, అది కూడా తెలియదు. ఇక చెప్పేవాళ్లు లేరు.

అక్కడి నుంచి నడుచుకుంటూ నాంపల్లి స్టేషనుకు వచ్చి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. ఒక్కొక్క సంత్రా వొలుచుకుని తినడం మొదలుపెట్టాను. పక్కన ఒక పెద్దమనిషి ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఏ బండికి భాయ్?" అని అడిగాడు.

"వచ్చేదానికే," అన్నాను.

బండి వచ్చింది. ఆయన పెట్టె ఎక్కించుకుని, నేను ఎక్కుతానేమోనని తలుపు పట్టుకుని కాసేపు చూశాడు. బండి వెళ్లిపోయింది. ఊడ్చేవాళ్లు ప్లాట్‌ఫారం ఆ చివర మొదలుపెట్టారు. ఒళ్లో ఇంకా రెండు సంత్రాలు ఉన్నాయి.